తమరిందోలో హోటల్ కొనేముందు అక్టోబరు అమ్మకాలు అడగండి

ముందుగా మీరు రాసినదాన్ని కుదించి చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోండి. భార్యాభర్తలిద్దరూ యాభై దాటినవారు. డల్లాస్‌లో స్థిరపడ్డారు, అమెరికా పౌరసత్వం ఉంది. అమ్మాయి చదువుకు వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అయింది. ఈ జనవరిలో కోస్టారికా పసిఫిక్ తీరాన ఉన్న తమరిందోకు సెలవులకు వచ్చారు. అక్కడ ఒక అమెరికన్ నడుపుతున్న చిన్న భోజన హోటల్ అమ్మకానికి ఉంది. రాత్రి ఏడింటికి వెళ్తే కూర్చోవడానికి చోటు దొరకలేదు. భవనం అద్దెది. సామాను, పేరు, వ్యాపారం కలిపి లక్షా ఇరవై వేల డాలర్లు అడుగుతున్నాడు. దాన్ని తీసుకుని దోసె, ఇడ్లీ, కాఫీలతో నడుపుదామని మీ ఆలోచన. మార్చిలోపు మాట ఇవ్వకపోతే వేరేవారికి ఇచ్చేస్తానన్నాడట. కొనవచ్చా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు.

మార్చిలో మాట ఇవ్వకండి. అక్టోబరులో ఒకసారి వచ్చి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఈలోగా వేరేవారు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. తమరిందోలో అమ్మకానికి హోటళ్లు ఎప్పుడూ ఉంటాయి, ఎందుకు ఉంటాయన్నదే మీరు ఆలోచించాల్సిన సంగతి.

నా మాట ఎంతవరకు నమ్మవచ్చో చెప్పాలి కదా. నేను ఈ దేశానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో వచ్చాను. రాజధాని సాన్ హోసే పక్కనున్న ఎరేదియాలో ఇంటెల్ 1990ల చివర్లో ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల విదేశీ కంపెనీలు వరసగా వచ్చాయి, వాటితోపాటే మనవాళ్లూ కొందరు వచ్చారు. తర్వాత నేను ఉద్యోగం మానేసి, ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపే వంటశాల పెట్టుకున్నాను. తీరంలో హోటల్ నడపలేదు. కానీ నడిపి మూసినవాళ్లు, నడుపుతున్నవాళ్లు నాకు బాగా తెలుసు. సామాను తెచ్చే వ్యాపారి దగ్గర, అకౌంటెంటు దగ్గర అందరం కలుస్తూనే ఉంటాం.

తమరిందో ఉన్న గ్వానకాస్తే ప్రాంతంలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాదాపు చినుకు పడదు. క్రిస్మస్ నుంచి ఈస్టర్ వారం దాకా అమెరికా, కెనడాల చలి నుంచి పారిపోయి వచ్చేవాళ్లు లిబేరియా విమానాశ్రయంలో దిగుతూనే ఉంటారు. మేలో వానలు మొదలవుతాయి. జూలైలో కాస్త తెరిపి ఇస్తుంది, అమెరికా బడులకు సెలవులు కూడా కాబట్టి మళ్లీ కొంత సందడి. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి వాన ముసురుపట్టి, మట్టిదారులు బురదై, వీధులు బోసిపోతాయి. చాలా హోటళ్లు మరమ్మతుల పేరుతో కొన్ని వారాలపాటు మూసేస్తాయి. మీరు చూసిన ఏడు గంటల రద్దీ అబద్ధం కాదు, కానీ అది ఏడాదిలో నాలుగైదు నెలల నిజం. అమ్మేవాళ్లు బేరం జనవరి, మార్చి మధ్యలో పెట్టడం కాకతాళీయం అనుకోను.

సీజనుతోపాటు ఆదాయం తగ్గుతుంది, జీతాల ఖర్చు మాత్రం తగ్గదు. ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా మునిగేది జీతాల దగ్గరే, అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

కోస్టారికాలో ఉద్యోగిని పెట్టుకున్న ప్రతి యజమానీ కాహా అని అందరూ పిలిచే సామాజిక భద్రతా సంస్థలో నమోదు కావాలి. ఆసుపత్రులు, పింఛన్లు నడిపేది అదే. జీతం మీద యజమాని వాటా 26 శాతం పైచిలుకు. ఉద్యోగి జీతంలోంచి కోసి కట్టేది మరో పది శాతం పైచిలుకు. డిసెంబరు 20లోపు అగినాల్దో అనే పదమూడో నెల జీతం ఇచ్చి తీరాలి, దీంట్లో బేరాలుండవు. యాభై వారాల పనికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు. పనిలో గాయపడితే ఖర్చు భరించే బీమా, ఐఎన్ఎస్ అనే ప్రభుత్వ బీమా సంస్థ నుంచి, తప్పనిసరి. మూడు నెలల పరీక్షా కాలం దాటిన మనిషిని తప్పు లేకుండా పంపించాలంటే ముందస్తు నోటీసు, సర్వీసును బట్టి పరిహారం ఇవ్వాలి. కాబట్టి వానాకాలంలో మానిపించి డిసెంబరులో మళ్లీ పెట్టుకుందామనే లెక్క కాగితం మీద కూడా కుదరదు.

అంకెల్లో చూద్దాం. నైపుణ్యం అక్కరలేని పనికి 2025లో చట్టబద్ధ కనీస వేతనం నెలకు సుమారు 3 లక్షల 67 వేల కొలోన్లు (కొలోన్ ఇక్కడి కరెన్సీ). తీరంలో పని తెలిసిన మనిషి ఆ జీతానికి రాడు, సగటున నాలుగు లక్షలు అనుకోండి. ఐదుగురికి 20 లక్షలు. కాహా వాటా 5 లక్షల 33 వేలు. అగినాల్దో కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది లక్షా 67 వేలు. సెలవుల్లో బదులు మనిషికి ఇంకో 83 వేలు. మొత్తం 27 లక్షల 83 వేల కొలోన్లు. దోసె 3,500 కొలోన్లకు అమ్మారనుకుందాం. ఇక్కడ మెనూలో రాసే ధరలోనే 13 శాతం అమ్మకం పన్ను, చట్టప్రకారం వడ్డించేవాళ్లకు వెళ్లే 10 శాతం సర్వీసు సొమ్ము కలిసి ఉండాలి. అవి తీసేస్తే మీ చేతికొచ్చేది 2,845. అంటే జీతాలకే నెలకు 980 దోసెలు అమ్మాలి. అద్దె, గ్యాసు, కరెంటు, మినప్పప్పు, నూనె ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. జనవరిలో వెయ్యి దోసెలు ఆటలో అమ్ముతారు. అక్టోబరులో అమ్మగలరా అన్నదే ప్రశ్న.

ఇంకో మెలిక మారకపు రేటు. 2022 మధ్యలో డాలరుకు దాదాపు 690 కొలోన్లు వచ్చేవి. 2024 మొదలయ్యేసరికి అది 520 దరిదాపులకు దిగింది, 2025లో కూడా 500 పరిసరాల్లోనే తిరిగింది. పైన చెప్పిన జీతాల మొత్తాన్ని 690తో భాగిస్తే నాలుగు వేల డాలర్లు, 505తో భాగిస్తే ఐదున్నర వేల డాలర్లు. డాలర్లలో సంపాదించి కొలోన్లలో ఖర్చుపెట్టే తీరప్రాంత వ్యాపారాలన్నీ ఈ దెబ్బ తిన్నాయి. రేటు తిరిగి పైకి పోవచ్చు, పోకపోవచ్చు. అమెరికన్ యజమానులు పెట్టిన పాత ఆదాయ వ్యయ పట్టికలను 2022 రేటుతో చూసి మోసపోవద్దని మాత్రం చెప్తాను.

ఇప్పుడు ఎవరికి అమ్మాలన్న సంగతి. తీరాల్లో విదేశీయుడు పెట్టి విదేశీయులకే అమ్మే కొట్లు కోకొల్లలు. అన్నింటిలోనూ అదే పండ్ల గిన్నె, అదే అవకాడో రొట్టె, అదే సర్ఫింగ్ బొమ్మ. యజమాని మారుతుంటాడు, బోర్డు రంగు మారుతుంటుంది. ఇక్కడ నిలదొక్కుకున్న పరాయివాళ్లను చూస్తే కథ వేరుగా ఉంటుంది. చైనావాళ్లు ఈ దేశానికి 1855 నుంచి వస్తున్నారు, 1870లలో అట్లాంటిక్ రైలుమార్గం పనికి వందల మంది వచ్చారు. ఈరోజు ఏ చిన్న ఊరికి వెళ్లినా ఒక చైనా హోటలు, ఒక చైనా కుటుంబం నడిపే కిరాణా కొట్టు ఉంటాయి. వాళ్లు అమ్మే అర్రోస్ కాంతోనేస్ అనే వేపుడన్నం తికోలకు, అంటే కోస్టారికావాళ్లకు, ఇప్పుడు ఇంటి తిండి. వాళ్లు ఏనాడూ పర్యాటకుల కోసం వండలేదు.

రెండో కథ మోంతెవెర్దే అనే కొండ ఊరిది. అమెరికాలో సైన్యంలో చేరడానికి ఒప్పుకోక జైలుకెళ్లిన క్వేకర్లు (యుద్ధాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖవాళ్లు) కొందరు, 1948లోనే సైన్యాన్ని రద్దుచేసిన దేశమని 1951లో అలబామా నుంచి కుటుంబాలతో ఇక్కడికి వచ్చి కొండ మీద భూమి కొన్నారు. దారి అధ్వానం. కిందికి తెచ్చేలోగా పాలు విరిగిపోతాయి. అందుకని చెడిపోకుండా, తక్కువ బరువుతో ఎక్కువ ధర పలికే జున్ను చేయడం మొదలుపెట్టారు. 1953లో పెట్టిన ఆ ఫ్యాక్టరీకి చుట్టుపక్కల తికో రైతులు పాలు పోసేవాళ్లు, తర్వాత అందులో వాటాదారులు కూడా అయ్యారు. ఆ జున్ను తిన్నది ఈ దేశపు జనమే. మోంతెవెర్దేకు పర్యాటకులు రావడం చాలా తర్వాతి మాట.

దీన్ని మీ దోసెకు అన్వయిస్తాను. తికోలు పొద్దున తినేది గాయో పింతో. ముందురోజు అన్నాన్ని ఉడికిన నల్ల చిక్కుడు గింజలతో కలిపి వేయించి, గుడ్డు, పుల్లటి మీగడ, మొక్కజొన్న రొట్టెతో తింటారు. మధ్యాహ్నం కాసాదో: అన్నం, చిక్కుళ్లు, కూర, పచ్చి ముక్కలు, వేయించిన అరటిపండు, ఒక మాంసం ముక్క. అన్నం, పప్పుగింజలు తినే జనం కాబట్టి మన తిండి వాళ్లకు కొత్త కాదు. కారం మాత్రం పడదు. మా వంటశాలలో సాంబారులో మిరపపొడి దాదాపు వేయం. ఇక్కడి చిన్న భోజనశాలల్లో ప్రతి బల్ల మీదా చిలేరో అనే సీసా ఉంటుంది: వెనిగరులో ఊరిన ఉల్లి, క్యారట్, కాలీఫ్లవర్, పచ్చిమిరప. కావలసినవాడు చెంచాతో తీసి వేసుకుంటాడు. మేమూ పచ్చిమిరప పచ్చడిని అలాగే సీసాలో పెట్టి పంపుతాం. నెల తిరక్కుండానే సీసాలు ఖాళీగా రావడం మొదలైంది. ముందే కలిపి ఇచ్చి ఉంటే డబ్బాలు వెనక్కి వచ్చేవి.

ఇంకొకటి గమనించండి. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఇక్కడ కాఫీ వేళ. ఆఫీసులో, ఇంట్లో, కట్టుబడి పని జరిగేచోట కూడా. గుడ్డసంచిలో పొడి వేసి పైనుంచి వేడినీళ్లు పోసి కిందికి దించే పల్చటి కాఫీ, పక్కన రొట్టో, బిస్కట్టో. ఆ వేళకు వేడివేడి గారె పెడితే తినని తికోను నేను చూడలేదు. తీరంలో అంతా రాత్రి భోజనం మీద పోటీ పడుతుంటే, ఈ మూడు గంటల వేళను పట్టించుకున్నవాళ్లు తక్కువ. వాన ఎక్కువగా కురిసేది కూడా మధ్యాహ్నం తర్వాతే, చూరు కింద చేరినవాడు కాఫీ తాగకేం చేస్తాడు?

కాకపోతే ఆ గిరాకీ ధర వేరు. బస హోటళ్లలో గదులు తుడిచే అమ్మాయి, తాపీమేస్త్రీ, బడి పంతులమ్మ కొలోన్లలో జీతం తీసుకుంటారు, అదీ ఎక్కువమందికి నెలకు రెండుసార్లు, పదిహేనునా, నెలాఖరునా. ఆ రెండు రోజుల తర్వాత అమ్మకం పెరుగుతుంది, పదమూడో తేదీకి పడిపోతుంది. వాళ్లకు 3,500 దోసె రోజూ కుదరదు. తమరిందో నడివీధి అద్దెకు వాళ్ల ధర సరిపోదు. అందుకే నా సలహా ఏమిటంటే, ఈ వంటే మీ పట్టుదలైతే బీచికి ఎదురుగా కాకుండా, పనివాళ్లు, బడులు, ఆఫీసులు ఉన్న లోపలి ఊరు చూడండి. సాంతా క్రూస్ ఉంది, లిబేరియా ఉంది. లేదా సాన్ హోసే చుట్టూ ఉన్న మా మధ్య లోయలో ఎరేదియా, అలహుయేలా. పర్యాటకుడు వస్తే అదనం. రాకపోయినా జీతాలు వెళ్లాలి.

డబ్బు చేతులు మారే తీరు కూడా చూసి రండి. గల్లాపెట్టె పక్కన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ఎనిమిది అంకెల ఫోను నంబరు, దాని కింద యజమానురాలి పేరు. తిన్నవాడు సిన్‌పే మోవిల్‌తో, అంటే మన యూపీఐ లాంటి దానితో, ఫోనులోనే డబ్బు పంపి తెర చూపిస్తాడు. ఆమె వాడి తెరను చూడదు, తన ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చిందా అని చూసుకుని తల ఊపుతుంది. తెర చిత్రాలు మార్చి మోసం చేసేవాళ్లు ఎక్కువయ్యాక అందరూ అలాగే చేస్తున్నారు. మీకు సిన్‌పే లేకపోతే స్థానిక గిరాకీ లేనట్టే. సిన్‌పేకి ఇక్కడి బ్యాంకు ఖాతా కావాలి, వ్యాపారానికి పనికొచ్చే ఖాతాకు బ్యాంకులు నివాస కార్డు అడుగుతాయి, డబ్బు ఎక్కడిదో రుజువులతో చెప్పమంటాయి. అమెరికాలో ఇల్లు అమ్మిన కాగితాలు, పన్ను రిటర్నులు దగ్గర పెట్టుకోండి.

ఇంత చెప్పినా ఆ హోటలే కావాలంటారా, సరే. అప్పుడు ఏం చూడాలో చెప్తాను.

మీరు కట్టే లక్షా ఇరవై వేలలో పొయ్యిలు, ఫ్రిజ్‌లు, బల్లల విలువ ఎంతో విడిగా రాయించండి. మిగతాదంతా దెరేచో దె యావే, అంటే తాళం చెవి హక్కు కింద పోతుంది. నడుస్తున్న వ్యాపారాన్ని అందుకున్నందుకు ఇచ్చే సొమ్ము అది. దాని బలం అద్దె ఒప్పందం మీద ఆధారపడింది. ఇక్కడ అద్దె చట్టం ప్రకారం ఒప్పందం కనీసం మూడేళ్లు చెల్లుతుంది. కానీ అందులో ఇప్పటికే రెండేళ్లు గడిచిపోయి ఉంటే మీరు కొంటున్నది ఏడాది వ్యాపారం. భవన యజమాని మీ పేరు మీదికి మార్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క డాలరు ఇవ్వకండి. వీలైతే ఆయనతోనే కొత్త ఒప్పందం రాయించుకోండి.

కార్మిక చట్టం 37వ అధికరణ ప్రకారం యజమాని మారినా ఉద్యోగుల సర్వీసు తెగదు. పాత బకాయిలకు పాత యజమాని, కొత్త యజమాని ఇద్దరూ ఆరు నెలల దాకా బాధ్యులు, ఆ తర్వాత మొత్తం కొత్త యజమాని నెత్తినే. ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న వంటమనిషిని మీరు వచ్చిన ఏడో నెలలో పంపించాల్సి వస్తే ఎనిమిదేళ్ల పరిహారం మీ జేబులోంచే. కాహా బకాయిలూ అంతే, వ్యాపారం కొన్నవాడి వెంట పడతాయి. అదృష్టవశాత్తు ఏ యజమాని కాహాకు బాకీ ఉన్నాడో ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. కంపెనీ గుర్తింపు సంఖ్య అడిగి చూడండి. భూమి, కంపెనీ వివరాలు జాతీయ రిజిస్ట్రీలో ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. బాకీ లేదని తేలినా సంతోషించకండి. ఐదుగురు పనిచేస్తుంటే ఇద్దరినే నమోదు చేసి, మిగతావాళ్లకు స్వతంత్ర సేవలు అని కాగితం రాయించుకోవడం చాలాచోట్ల జరిగేదే. తనిఖీకి వచ్చినవాడు ఆ కాగితాన్ని లెక్కచేయడు. వంటగదిలోకి తొంగిచూసి తలలు లెక్కపెట్టుకోండి, జీతాల పట్టికతో పోల్చండి.

అమ్మకాల సంగతికొస్తే, అతను చూపే ఎక్సెల్ పట్టిక పక్కనపెట్టి ఆసియెందాకు, అంటే ఆర్థిక శాఖకు, నెలనెలా వేసిన అమ్మకం పన్ను రిటర్నులు రెండేళ్లవి అడగండి. "అసలు అమ్మకాలు ఇంతకంటే ఎక్కువ, పన్నుకు తక్కువ చూపాం" అంటాడు. అప్పుడు ధర కూడా రిటర్నుల్లో ఉన్న అమ్మకాల మీదే మాట్లాడదామనండి.

అనుమతుల్లో మొదటిది ఉసో దె స్వేలో. ఆ స్థలంలో ఆ వ్యాపారం చేయవచ్చని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం. తమరిందో సాంతా క్రూస్ మునిసిపాలిటీ కిందికి వస్తుంది. ఆ తర్వాత ఆరోగ్య శాఖ అనుమతి, కాహా, బీమా, పన్ను నమోదులు, చివర పతేంతే అనే వ్యాపార లైసెన్సు. వంటలో చేయిపెట్టే ప్రతివాళ్లకూ ఆహార శుభ్రత శిక్షణ కార్డు ఉండాలి. మద్యం లైసెన్సు సంగతి ప్రత్యేకంగా అడగండి. 2012 నాటి చట్టం కింద మునిసిపాలిటీ ఇచ్చే లైసెన్సులు చేతులు మారవు, మీ పేరు మీద మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఆ హోటల్ లాభంలో సగం బీరు మీదే వస్తుంటే ఇది చిన్న సంగతి కాదు.

ఒకవేళ మాట స్థలం కొనడం దాకా వస్తే: అలల గీత నుంచి 200 మీటర్ల మేర తీరప్రాంతానికి 1977 నాటి చట్టం వర్తిస్తుంది. మొదటి 50 మీటర్లు అందరిదీ, అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు. మిగతా 150 మీటర్లలో మునిసిపాలిటీ ఇచ్చే అనుభవ హక్కే తప్ప యాజమాన్యం ఉండదు. ఐదేళ్లు ఇక్కడ నివాసం లేని విదేశీయుడికి ఆ హక్కు కూడా రాదు. కొన్ని పాత పట్టాలకు మినహాయింపు ఉంది, దాన్ని రిజిస్ట్రీలో చూసి చెప్పాల్సింది మీ లాయరు. మీ లాయరు అంటున్నాను, అమ్మేవాడి లాయరు కాదు. "ఇద్దరికీ ఒకరే చాలు, ఖర్చు కలిసొస్తుంది" అంటారు, వినకండి.

ఇక నివాస హోదా. 2023 నుంచి అమెరికా పాస్‌పోర్టుకు 180 రోజుల దాకా పర్యాటకులుగా ఉండనిస్తున్నారు. పర్యాటకులుగా కంపెనీ పెట్టవచ్చు, వాటాలు కొనవచ్చు, కానీ గరిటె పట్టకూడదు. సంపాదన పని చేయడం వలస చట్టానికి విరుద్ధం. మీ ఇద్దరూ వంటగదిలో ఉంటే జీతాలు మిగులుతాయన్న లెక్క మీ ప్రశ్నలో కనిపించింది. ఆ లెక్క కొట్టేయండి. హోదా దారులు మీకు మూడు కనిపిస్తున్నాయి. నెలకు వెయ్యి డాలర్ల జీవితకాల పింఛను ఉంటే ఒకటి, అది మీ వయసుకు ఇంకా రాకపోవచ్చు. నెలకు 2,500 డాలర్ల చొప్పున రెండేళ్ల ఆదాయాన్ని, అంటే 60 వేల డాలర్లను, బ్యాంకు ద్వారా చూపితే రెండోది. 2021 నాటి చట్టం ప్రకారం లక్షన్నర డాలర్ల పెట్టుబడి పెడితే మూడోది. మీ లక్షా ఇరవై వేలు దానికి చాలవు, పైగా తాళం చెవి సొమ్మును పెట్టుబడిగా ఒప్పించడం కష్టం. వీటిలో ఏదైనా మూడేళ్లు నడిచాక శాశ్వత నివాసానికి అడగవచ్చు. అప్పటిదాకా జీతం తీసుకునే ఉద్యోగం కుదరదు, సొంత వ్యాపారం లాభం తీసుకోవచ్చు.

కంపెనీ పెట్టాక ఏటా దాని పన్ను కట్టాలి, అసలు యజమానులెవరో కేంద్ర బ్యాంకు నడిపే నమోదులో ప్రకటించాలి. ఆ ప్రకటనకు డిజిటల్ సంతకం కావాలి, దానికి నివాస కార్డు కావాలి. కార్డు వచ్చేదాకా నమ్మకమైన మనిషికి ప్రత్యేక అధికారపత్రం ఇచ్చి చేయించాలి. వ్యాపారం నడవని కంపెనీకి కూడా ఇవన్నీ తప్పవు.

బతుకు గురించి అడిగారు. చవకగా ఉంటుందనుకోవద్దు. కార్ల ధర అమెరికాకంటే చాలా ఎక్కువ, దిగుమతి సరుకు దేనికైనా అంతే. శనివారమో ఆదివారమో జరిగే రైతు బజారులో మాత్రం మనసు నిండుతుంది. చేమదుంప, కర్రపెండలం, సీమ వంకాయ, గుమ్మడి, అరటికాయ, రెండు మూడు రకాల కొత్తిమీర. చింతపండుకు కొదవ లేదు, మీరు చూసిన ఊరి పేరే చింతచెట్టుది. మినప్పప్పు, ఇంగువ మాత్రం సాన్ హోసేలో ఒకటి రెండు చోట్ల దొరుకుతాయి, ధర మండిపోతుంది. ప్యాకెట్ తిండి సరుకును అమ్మకానికి దిగుమతి చేయాలంటే ఆరోగ్య శాఖలో నమోదు కావాలి. పిండి విషయం: మా ఎరేదియా చలికి రాత్రంతా పెట్టినా పొంగదు, గ్వానకాస్తే వేడికి నాలుగు గంటల్లో పులిసి పైకొస్తుంది. అక్కడ రుబ్బే వేళ మార్చుకోవాలి, ఫ్రిజ్ పెద్దది కావాలి. ఆ ఫ్రిజ్‌కు, ఏసీలకు కరెంటు బిల్లు చూశాక దోసె ధర మళ్లీ లెక్కవేసుకుంటారు.

మనుషులు మర్యాదస్తులు. చిన్నపిల్లలను కూడా మీరు అని పిలుస్తారు. ముఖం మీద కాదనడం ఇష్టం లేక సరేననేస్తారు, ప్లంబరు సరేనన్నాడంటే వస్తాడని కాదు. పదిమంది ముందు పనివాణ్ణి గద్దిస్తే ఆ రోజుతో అతను మీ మనిషి కాదు. స్పానిష్ రాకుండా తీరంలో సెలవులు గడపవచ్చు గానీ వ్యాపారం చేయలేరు. భద్రత పాతరోజుల్లా లేదు, 2023లో దేశంలో హత్యలు 900 దాటాయి, చాలావరకు మాదకద్రవ్య ముఠాల మధ్యే అయినా. మీరు చూసుకోవాల్సింది రాత్రి గల్లాపెట్టె, వెనక తలుపు, బయట పెట్టిన గ్యాసు సిలిండరు. తెలుగు కుటుంబాలు తక్కువ, ఉన్నవి సాన్ హోసే చుట్టుపక్కలే. భారత రాయబార కార్యాలయం పనామాలో ఉంది, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయుల కార్డు) పనులకు అక్కడికే పంపాలి. ఇండియాకు నేరు విమానం లేదు.

చివరిగా కాగితాలు, ఎందుకంటే వీటికే ఎక్కువ సమయం పడుతుంది. జనన ధ్రువపత్రం మీరు పుట్టిన చోటిది కావాలి, అమెరికా పౌరసత్వం ఉన్నా సరే. మన ఊళ్లలో 1970లలో పుట్టినవారికి అది లేకపోవడం, ఉన్నా పేరు లేకుండా "మగశిశువు" అని ఉండడం, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ఇంకోచోట పూర్తిగా ఉండడం మామూలే. ఇక్కడివాళ్లకు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి, ప్రతి దరఖాస్తులో రెండో గడి ఉంటుంది. దాంట్లో ఏదో ఒకటి రాయకండి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే అన్నిచోట్లా రాయండి, లేనిది లేదనండి. జనన పత్రం, పెళ్లి పత్రం ముందుగా సరిచేయించి, రాష్ట్రంలో ధ్రువీకరణ తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖతో అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) వేయించండి. అనువాదం ఇక్కడి విదేశాంగ శాఖ గుర్తించిన అనువాదకుడితోనే. ఎఫ్‌బీఐ పోలీసు రికార్డు అన్నిటికంటే చివర తీసుకోండి. దాని గడువు ఆరు నెలలే, జనన పత్రం కోసం మునిసిపాలిటీ చుట్టూ తిరిగేలోగా అది కాస్తా చెల్లకుండా పోతుంది.